నీటిలో నిబ్బరము

నీటితో మిక్కిలి పనిగలవారు స్త్రీలు. ఈత రానివారును ఎక్కువగా స్త్రీలే. మా పెద్దపల్లి ప్రాంతమున సద్దుల బతుకమ్మనాడు చీరలతో చెరువులోనికి దిగువారము మనమే. మంథని రేవున గోదావరిలో మునుగువారమును మనమే. కాలు జారినచో ఏమి చేయవలయునో మాత్రము మనకెవరును నేర్పరు.

మాకు, అనగా మా అక్కచెల్లెండ్రిద్దరకు, ఆ భాగ్యము తాత వలన కలిగినది. ఎండిన సొరకాయ బుర్ర నడుమునకు గట్టి, ఆయన మమ్ము పొలము బావిలోనికి దింపెను. లంగాలో గాలి చేరి బుడగవలె పొంగి, కాళ్లను పైకెత్తి, తలను క్రిందుచేయజూచెడిది. లంగాను బిగించి కట్టుకొనుటయే మా మొదటి పాఠము.

పెద్దలమైన పిదప ఇంగ్లండులో ఆ పాఠమే మాకు మరల ఉపకరించెను. లీసెస్టరుషైరులో స్టోనీకోవ్ అను స్థలము గలదు. అది ఒకప్పుడు రాతిగని. పని నిలిచిన పిమ్మట నీటితో నిండి, నీటిలోపల సంచరించుట నేర్చువారికి బడి యైనది. కరీంనగరు గ్రానైటు క్వారీలను జూచిన మాకు ఆ గుంట వింతగా తోచలేదు, వింతయైనది చలి. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా ఒంటి వేడిని లాగివేయును. అందుచేత అచ్చట డ్రైసూటు తొడుగుదురు. మెడవద్ద, మణికట్లవద్ద బిగుతుగా నుండు పట్టీలు నీటిని లోనికి రానీయవు. లోపల వెచ్చని బట్టలు, వాని నడుమ గాలి. ఆ గాలియే దుప్పటి.

అయితే ఆ గాలిని అదుపులో నుంచుకొనుట నేర్వవలయును. 10 మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైనున్న దానికి రెండింతలగును. సూటులోని గాలి సగమునకు కుంచించుకొని ఒంటిని నొక్కును. అప్పుడు రొమ్ముమీది బొత్తాము నొక్కి కొంచెము గాలి నింపుకొనవలయును. పైకి వచ్చునపుడు గాలి మరల పొంగును. చేతిపై నుండు కవాటము ద్వారా వదలకున్న, మనిషి బెండువలె పైకి దూసుకొనిపోవును. అది ఊపిరితిత్తులకు ప్రమాదకరము. కాళ్లు పైకి లేచినచో గాలి పాదములలో చేరి మనలను తలక్రిందులు చేయును. వెంటనే మోకాళ్లు ముడిచి దొర్లి, తల పైకి తెచ్చుకొనవలయును. ఇది విన్నంతనే మా చెల్లెలు, "అక్కా, ఇది మన లంగాయే గదా!" అని నవ్వెను.

లోతు తక్కువగు చోట ఇవన్నియు పదే పదే చేసితిమి. ఊపిరి బిగబట్టక, తొందరపడక, మెల్లగా పీల్చి విడుచుచుండగా భయము దానంతటదే తగ్గెను. నిబ్బరము పుట్టుకతో వచ్చునది కాదు, అభ్యాసముతో వచ్చునది.

ఆడపిల్లకు ఈత యేల యని యడిగిన పెద్దలు మొదట చెప్పు కారణము బట్టలు. డ్రైసూటు మెడనుండి పాదములవరకు ఒడలెల్ల కప్పును. మన యెండదేశమున దాని యవసరము లేదు. ఒడలు కప్పు సాదా ఈతదుస్తులే చాలును. బట్టయే అడ్డమైనచో ఉపాయమున్నది. ఉపాయమున్నను వలదనువారికి అడ్డమైనది బట్ట కాదు, అలవాటు.

సోదరీమణులారా! మన బిడ్డలు బతుకమ్మను ఎత్తుకొని నీటిలోనికి దిగకమానరు. దిగినవారు తిరిగి గట్టెక్కు విద్యను, నేర్పగల పెద్దల యండన, ముందుగా నేర్పించుడు.