కొల్లేటి అటక మీద స్నేక్ ఐస్

కైకలూరులో మా మావయ్యగారిల్లు. అటక మీద పాత వలల వెనకాల తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే లోపల ఏడుగురు సైనికులు! ఒకడు నడుం దగ్గర రెండు ముక్కలయ్యాడు. ఇంకొకడికి బొటనవేలు విరిగింది. నల్లబట్టల వాడు మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ల మీద ఎర్రటి గీత. చూడగానే గుర్తుపట్టా. స్నేక్ ఐస్. మా బావ బొమ్మ.

వీళ్లెవరో తెలీదా? ఇంట్లో తొంభైల్లో పెరిగినవాళ్లని అడగండి. 'జీఐ జో' అనగానే మొహం వెలిగిపోతుంది. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ 1964లో అడుగు పొడవు బొమ్మలతో మొదలెట్టింది. 1982లో వాటిని గుప్పిట్లో పట్టేంత చేసింది. టైర్లు చేసే ఎంఆర్‌ఎఫ్ వాళ్ల ఫన్‌స్కూల్ 1987లో పుట్టింది. హాస్‌బ్రో అచ్చులతోనే ఇక్కడా బొమ్మలు పోసింది. అచ్చు వాళ్లది, రంగు మనది. అందుకే ఒకే పేరున్న బొమ్మ ఓసారి ముదురు రంగు, ఓసారి లేత రంగు. అప్పట్లో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఆ తేడాల కోసమే విదేశాల కలెక్టర్లు కూడా వెతుకుతున్నారు.

బావకి ఫోన్ చేశా. "అమ్మేయరా, నాన్నకి ఎంతో కొంత ఆసరా" అన్నాడు. నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లు కొల్లేట్లోకి వచ్చినప్పుడు మావయ్య చేపల చెరువు గట్టు తెగింది. అప్పు ఇంకా తీరలేదు.

డబ్బా సంచిలో పెట్టుకుని ఏలూరు బస్సెక్కా. పెదయడ్లగాడి వంతెన దగ్గర కిటికీలోంచి కొంగలు, కింద ఉప్పుటేరు వైపు పోయే నీళ్లు. ఏలూరులో మోటారు విడిభాగాల కొట్టుకెళ్లి చిన్న ఓ-రింగ్ అడిగా. ఈ బొమ్మల ఒంటినీ కాళ్లనీ కలిపి పట్టేది ఆ రబ్బరు చుట్టే. ఏళ్లు గడిస్తే తెగిపోతుంది. "బొమ్మకా బాబూ!" అని కొట్టాయన నవ్వాడు. వీపు మీది స్క్రూ విప్పి కొత్తది వేస్తే మనోడు లేచి నిలబడ్డాడు.

అక్కణ్నుంచి రైల్లో తాడేపల్లిగూడెం. అక్కడ ఓ అన్నయ్య ఏళ్లుగా ఇవి పోగేస్తున్నాడు.

"ముందు నడుం వెనక చూడు తమ్ముడూ. ఏడాది, దేశం పేరు ఉండొచ్చు. కొన్నిటికి ఉండవు, అక్కడితో ఆగిపోకు. ప్లాస్టిక్ రంగు, బెల్టు మీద పెయింటు పగటి వెలుగులోనే చూడు. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ మోసం చేస్తుంది. తెల్లది పసుపెక్కితే అది వేరియేషన్ కాదు, వయసు. స్క్రూ గీతలు పడి ఉంటే ఎవరో విప్పారన్నమాట. చేతులో, కాళ్లో మార్చి ఉండొచ్చు."

స్నేక్ ఐస్ దగ్గర ఆగిపోయాడు. "ఎర్ర గీతా? నా లిస్టులో లేదే! ఇరవై వేలిస్తా."

నోట మాట రాలేదు. మావయ్య ఒక నెల వాయిదా! కానీ ఆ గీత ఎలా వచ్చిందో నాకు తెలుసు.

"అన్నయ్యా, అది కంపెనీ రంగు కాదు. బావ చిన్నప్పుడు వాళ్లక్క నెయిల్ పాలిష్‌తో వేశాడు. వీపు మీద దెబ్బ కూడా తిన్నాడు."

ఆయన భూతద్దంతో మళ్లీ చూసి పకపకా నవ్వాడు. "చెప్పకపోతే కొనేసేవాణ్ని. రిమూవర్ మాత్రం పెట్టకు, ప్లాస్టిక్కే కరిగిపోతుంది. ఇది ఏ లిస్టులోనూ ఉండదు. ఇంట్లోనే ఉంచుకో." మిగతా ఆరుగురికీ కలిపి ఆరు వేలిచ్చాడు. మావయ్యకి అక్కడికక్కడే ఫోన్‌పే చేశా.

తిరుగు రైలుకి టైముంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే చూడ్డానికెళ్లా. నిజం సైనికుల కోసం కట్టిన కాంక్రీటు మీద స్నేక్ ఐస్‌ని నిలబెట్టి ఫొటో తీసి బావకి పంపా.

నిమిషంలో రిప్లై వచ్చింది. "గీత పోలేదుగా?"