రియాయత్ ఎవరి దయ, ఎవరి హక్

జూన్ వస్తోందంటే మా పాతబస్తీ గల్లీల్లో అందరి నోటా ఒకటే మాట, రియాయత్. సగం ఫీజు మాఫీ కావొచ్చు, అడ్మిషన్ ఫీజు వదిలేయడం కావొచ్చు, ముగ్గురు పిల్లలుంటే మూడోవాడిని ఉత్తగా చదివించడం కావొచ్చు, అన్నిటికీ అదే పేరు. "కరస్పాండెంట్ సాబ్‌తో మాట్లాడావా ఆపా? ఎంత తగ్గించాడు?" అని ఆడవాళ్లు గోడ మీంచి అడుగుతుంటారు. ఫీజు ఎంత అని కాదు, ఎంత తగ్గించాడు అని.

నేను పెద్ద పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్ల గురించి చెప్పడం లేదు. రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని, పైన రేకులేసి, పదో తరగతి దాకా నడిపే ఇంగ్లీష్ మీడియం బళ్ల గురించి చెబుతున్నాను. అక్కడ పిల్లల్ని చేర్చేది ఆటో నడిపేవాళ్లు, కార్చోబ్ పనివాళ్లు, గాజుల దుకాణాల్లో గుమాస్తాలు. కాబట్టి ఈ తగాదా గరీబుకీ అమీరుకీ మధ్య కాదు. గరీబుకీ, వాడికన్నా కాస్త మెరుగ్గా ఉన్న గరీబుకీ మధ్య. అందుకే ఇంత చేదుగా ఉంటుంది.

పోయినేడు మా పిల్లల బడి పేరెంట్స్ మీటింగ్‌లో ఒకామె లేచి నిలబడింది. బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. "నేను రాత్రి పన్నెండు దాకా మిషన్ తొక్కి పూర్తి ఫీజు కడుతున్నా. కారులో దిగే పిల్లకి సగం ఫీజా? ఇదేం ఇన్సాఫ్ భాయ్?" అని అడిగింది. హాలంతా సన్నాటా. కరస్పాండెంట్ సాబ్ గొంతు సవరించుకుని, తర్వాత మాట్లాడదాం ఆపా అన్నాడు.

ఆ కారు సంగతి నాకు తెలుసు. ఆ పిల్ల తండ్రి బంజారాహిల్స్‌లో ఒక సేఠ్ దగ్గర డ్రైవర్. పొద్దున్నే బండి తీసుకుని డ్యూటీకి పోతూ దారిలో బిడ్డని దింపుతాడు. కారు సేఠ్‌ది, కిరాయి ఇల్లు ఇతనిది, తల్లి డయాలసిస్ ఖర్చు ఇతనిది. కానీ ఆ మీటింగ్‌లో లేచి ఈ మాటలన్నీ అతను ఎట్లా చెప్పుకుంటాడు? తల వంచుకుని కూర్చున్నాడు. ఇటు ఆమె అడిగిందీ తప్పు కాదు. ఎవరికి ఎందుకు తగ్గిస్తున్నారో ఎవరికీ తెలియనప్పుడు, మనిషి కళ్లకి కనపడిందే కొలమానం అవుతుంది. కారు కనపడుతుంది, డయాలసిస్ కనపడదు.

మరి సరైన కొలమానం ఏది? సర్కారుది ఒకటుంది. మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కేంద్రం పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి లక్ష రూపాయలు. అంటే నెలకి 8,333. తొమ్మిది వేలు జీతం స్లిప్ ఉన్న గుమాస్తా ఈ లెక్కలో గరీబు కాడు. స్లిప్పే లేని దుకాణదారు మీసేవ నుంచి తక్కువ ఆదాయం సర్టిఫికెట్ తెచ్చుకుంటే అతను గరీబు. నిజాయితీగా కాగితం ఉన్నవాడికే నుక్సాన్. ఆ స్కాలర్‌షిప్ కూడా 2022లో ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి ఆపేశారు.

షరియత్ కొలమానం వేరు. అది నెల జీతం అడగదు, అవసరాలూ అప్పులూ పోగా చేతిలో ఏం మిగిలిందని అడుగుతుంది. ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి, అది నిసాబ్. భార్య బంగారం భార్యదే, దాంతో భర్త సాహిబే నిసాబ్ అయిపోడు. ఎంత బారీకైన లెక్క! కానీ మా బళ్లలో జకాత్ డబ్బు వచ్చినా ఈ లెక్క ఎవరూ వేయరు. హనఫీ ఉలమా చెప్పే తమ్లీక్ షర్తు, అంటే జకాత్ సొమ్ము హక్‌దారు చేతికి అతని సొంతంగా చేరాలన్న షర్తు, ఫీజు రిజిస్టర్‌లో ఎక్కడో కలిసిపోతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలంది. తెలంగాణలో అది ఏళ్ల తరబడి కాగితం దాటలేదు. పైగా 2012, 2014 సుప్రీంకోర్టు తీర్పులతో మైనారిటీ విద్యాసంస్థలకి ఆ బాధ్యత తప్పింది. మన సంస్థలు మన చేతిలో ఉండాలన్నది మంచి మాటే. కానీ చట్టం తప్పుకున్న చోట ఉసూల్ ఒకటి రావాలి కదా. రాలేదు. కరస్పాండెంట్ సాబ్ మూడ్ వచ్చింది, సిఫారిష్ వచ్చింది.

ఇంకో లెక్క కూడా చూడండి. ఫీజు తప్ప వేరే ఆమ్దనీ లేని బడిలో వంద మందిలో ఇరవై మందికి సగం మాఫీ చేస్తే, పది పూర్తి ఫీజులు తగ్గినట్టు. ఆ లోటు సాబ్ జేబులోంచి పూడదు. మిగతా తల్లిదండ్రుల ఫీజు పెరుగుతుంది, లేదంటే టీచర్ల జీతం ఆగుతుంది. ఆ టీచర్లు ఎవరు? మన గల్లీల్లో డిగ్రీ చేసిన ఆడపిల్లలే. ఒకరి దర్యాదిలీకి ఇంకొకరు కిమ్మత్ కడుతున్నారు. కట్టేవాళ్లకి ఆ సంగతి తెలియాలి కదా.

నాకు అర్థమైంది ఇది. రియాయత్‌లో పేరు పరదాలో ఉండాలి, ఉసూల్ నలుగురి ముందు ఉండాలి. మన దగ్గర సరిగ్గా ఉల్టా. ఉసూల్ ఎవరికీ తెలియదు, పేర్లు మాత్రం గల్లీ అంతా తెలుసు. ఫీజు బాకీ పిల్లల్ని క్లాసులో నిలబెడతారు, రియాయత్ పిల్లలకి చెక్కులిచ్చేటప్పుడు ఫోటోలు తీస్తారు.

మీటింగ్ తర్వాత మేం ఐదుగురం తల్లిదండ్రులం ఒక కాగితం రాసిచ్చాం. అడిగినవాళ్లకే కాదు, చేరే ప్రతి ఇంటికీ ఒక పేజీ ఫారం ఇవ్వండి, తెలుగులో, ఉర్దూలో. సంపాదించేవాళ్లు ఎందరు, తినేవాళ్లు ఎందరు, జబ్బులూ అప్పులూ ఏంటి, ఇంతే అడగండి. పేరు తీసేసి నంబరు వేసి ముగ్గురు చదవాలి, అందులో ఒక టీచర్, ఒక తల్లి ఉండాలి. జకాత్ ఖాతా విడిగా పెట్టండి. ఏడాది చివర ఎంత మందికి ఎంత ఇచ్చారో మొత్తం మాత్రం బోర్డు మీద రాయండి.

సాబ్ చదివి నవ్వాడు. "భాయ్, ఫారం పెడితే అందరూ నింపుతారు. నేను తాళం వేసుకోవాలి." ఆయన భయం ఝూటా కాదు. కానీ ఇప్పుడు అడగగలిగినవాళ్లే అడుగుతున్నారు. సఫేద్‌పోష్ ఇళ్లవాళ్లు, ఇస్త్రీ చొక్కా కింద ఆకలి దాచుకునేవాళ్లు, ఆఫీసు గది గడప తొక్కరు. కమ్మలు కుదువ పెట్టి కడతారు, కుదరనప్పుడు ఆడపిల్ల బడి మాన్పిస్తారు. ఖురాన్ అడిగేవాడితో పాటు అడగని మహ్రూమ్‌కీ సంపదలో హక్ ఉందంటుంది. వాడిని వెతికే పని ఇచ్చేవాడిది. అందరికీ ఒకే ఫారం వెళ్తే నింపడంలో షరమ్ ఉండదు. డబ్బు చాలకపోతే చాలలేదని చెప్పొచ్చు. ఉసూల్ ప్రకారం వచ్చిన 'లేదు' అనే మాటని మనిషి తట్టుకుంటాడు. పక్కవాడి సిఫారిష్ చూసి వచ్చిన 'లేదు'ని తట్టుకోలేడు.

చివరికి బోర్డు మీద మొత్తం రాయడానికి ఒప్పుకున్నాడు, ఫోటోలు ఆపాడు. ఫారం సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఈలోగా ఆ మిషన్ తొక్కే ఆపాకి మా కాగితం కాపీ ఇచ్చాను. ఆమె మొత్తం చదివి, అడుగున ఆరో సంతకం పెట్టింది.