ఉప్పూ గ్లూకోజూ జంటగా

వానాకాలం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లోని ఓ పిల్లల డాక్టరు గారి ఓపీలో తరచుగా వినపడే మాట: "విరేచనాలతో నీరసంగా ఉందండీ, ఒక్క సీసా ఎక్కించండి." స్టాండుకి సెలైను వేలాడితే వైద్యం జరిగినట్టు, ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలో పెడితే వదిలించుకున్నట్టు! ఆయన ముందు బిడ్డ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదులుతారు. ముడత మెల్లగా సర్దుకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. బిడ్డ మగతగా ఉండి తాగలేకపోతే సెలైను తప్పదు. గ్లాసు చూసి చెయ్యి చాస్తే మాత్రం ఓఆర్ఎస్సే.

ఈ పట్టుదలకు ఆధారం పేగు కణాలను చుట్టి ఉన్న పొరలో ఉంది. ప్రతి కణానికీ ఉండే ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి నీటి మీద పరిచి కొలిచారు. కణాల ఉపరితల వైశాల్యానికి రెట్టింపు వచ్చింది. అంటే కొవ్వు రెండు వరసలుగా ఉందన్నమాట. ఆక్సిజన్ అందులోంచి సులువుగా దూరిపోతుంది. ఉప్పూ గ్లూకోజూ దూరలేవు, వాటికి ప్రోటీన్ తలుపులు కావాలి. పేగులో ఆ రెండిటికీ ఉమ్మడి తలుపొకటి ఉంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు కలిసి లోపలికి వెళ్తాయి, వాటి వెంటే నీరు. ఈ జంట ప్రయాణాన్ని 1960లో ప్రాగ్‌లో జరిగిన ఓ సమావేశంలో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. లోపల చేరిన సోడియాన్ని తోడిపోసే పంపుకు ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

కలరా విషం క్లోరైడు తలుపుల్ని బార్లా తెరిపిస్తుంది, నీరు వరదలా బయటికి పోతుంది. కానీ ఈ జంట తలుపు జోలికి పోదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైను నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ నమ్ముకున్నది దీన్నే. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి డ్రమ్ముల్లో పోయించారు. తాగించింది ఎక్కువగా రోగుల ఇంటివాళ్లే. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి.

కొలత తప్పితే కథ తిరగబడుతుంది. ఒకసారి ఓ తల్లి రెండేళ్ల పాపకు తియ్యటి అట్టడబ్బా పానీయం తాగిస్తూ వచ్చింది. తలుపు పట్టలేనంత తీపి పేగులోనే మిగిలి, ఒంట్లో నీటిని ఎదురు లాగింది. విరేచనాలు పెరిగాయి. ఆమెననడానికేముంది? డబ్బా మీద ఓఆర్ఎస్ అని పెద్దక్షరాలున్నాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఇలాంటి పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడొద్దంది.

ఇంకోసారి మనవణ్ణి తీసుకొచ్చిన మామ్మగారు, తనకీ పొద్దుటినుంచి విరేచనాలేనని మాటల్లో బయటపెట్టారు. ఆవిడ షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. పేగులోని తలుపుకు కిడ్నీలో ఓ తోబుట్టువుంది. మూత్రంలోకి జారే గ్లూకోజును అది వెనక్కి తెస్తుంది. ఈ మందు దాన్ని మూసేస్తుంది కాబట్టి గ్లూకోజుతోపాటు నీరూ పోతుంది. విరేచనాలప్పుడు అది ప్రమాదం, కీటోన్లు కూడా పెరగొచ్చు.

"తగ్గేదాకా ఈ మాత్ర ఆపండమ్మా. మీ షుగరు డాక్టరుగారికి ఇవాళే ఫోన్ చెయ్యండి."

"షుగరు మనిషిని, ఓఆర్ఎస్ తాగొచ్చా బాబూ?"

"తాగాలండీ. ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. కొబ్బరినీళ్లో, మజ్జిగో అని బేరం పెట్టకండి."