యుద్ధానికీ మన ఊరి పట్టాలకీ ఏమిటి సంబంధం?

మనం రోజూ చూసే టాటానగర్ స్టేషన్‌కి ఆ పేరు ఎలా వచ్చిందో మీకు తెలుసా? మొదట్లో స్టేషన్ పేరు కాలీమాటి, ఊరి పేరు సాక్చీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఉక్కు కర్మాగారం సుమారు 2,400 కిలోమీటర్ల రైలు పట్టాలు, 3 లక్షల టన్నుల ఉక్కు బ్రిటిష్ సైన్యానికి అందించింది. ఆ పట్టాలు మెసొపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లాయి. యుద్ధం ముగిశాక, 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి, ఆ సాయాన్ని మెచ్చుకుని, జంషెడ్జీ టాటా పేరు మీద ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఉక్కు రేకులతో తయారైన సాయుధ వాహనాలను సైనికులు "టాటానగర్" అనే పిలిచేవారట.

అంటే మన ఊరి పేరు వెనకాల ఒక యుద్ధం ఉంది. ఆ యుద్ధంలో మన ఊరు తుపాకీ పట్టలేదు, సరుకు పంపింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా నేను ట్యాంకులను కాక వాటి వెనక వచ్చే బండ్లను చూడడం మొదలుపెట్టాను.

బదిలీ ఉద్యోగుల పిల్లలం కాబట్టి ఈ విషయం మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఆర్డరు వచ్చిన రోజు నుంచి ఇంట్లో అంతా రవాణా లెక్కలే. ఏ పెట్టె ముందు కట్టాలి, ఏది చివర్న కట్టాలి, టీసీ ఎప్పుడు తీసుకోవాలి, గ్యాస్ కనెక్షన్ ఎప్పుడు అప్పగించాలి! కొత్త క్వార్టర్‌లో మంచాలు, బీరువా, టీవీ అన్నీ దిగినా సరే, గ్యాస్ బండ రాకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. లాజిస్టిక్స్ అనే పెద్ద మాటకు అర్థం ఇంతే. కావలసిన వస్తువు, కావలసిన చోటికి, కావలసిన వేళకు చేరడం. సైన్యానికి గ్యాస్ బండ బదులు డీజిల్, గుండ్లు, రొట్టెలు.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి ప్రవేశించింది. నాలుగైదు రోజులకే, రాజధాని కీవ్‌కి ఉత్తరాన రోడ్డు మీద సుమారు 64 కిలోమీటర్ల పొడవున ఆగిపోయిన సైనిక వాహనాల వరుస ఫోటో ప్రపంచమంతా చూసింది. ఉక్రెయిన్ సైనికుల ఎదురుదెబ్బలు ఒక కారణమైతే, డీజిల్, తిండి అయిపోవడం, బండ్లు చెడిపోవడం మరో కారణం. మా నాన్న గూడ్స్ రైలు గార్డు. ఈ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ ఫోటో చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వీళ్ల రైల్‌హెడ్ ఎక్కడుంది?" అని. రైల్‌హెడ్ అంటే రైలు ఆగి సరుకు లారీల్లోకి మారే చోటు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో తర్వాత లెక్క వేసి చూపించారు. ఒక లారీ గంటకు 30 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. ఎక్కించడానికి ఒక గంట, దించడానికి ఒక గంట. డ్రైవరు రోజుకు 12 గంటలు పనిచేస్తాడు. సైన్యం రైల్‌హెడ్‌కి 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే, పోవడానికి 2 గంటలు, రావడానికి 2 గంటలు, పైన 2 గంటలు. మొత్తం 6 గంటలు, అంటే రోజుకు రెండు ట్రిప్పులు. అదే సైన్యం 150 కిలోమీటర్ల దూరం వెళ్లిపోతే, పోవడానికి 5, రావడానికి 5, పైన 2. రోజుకు ఒకటే ట్రిప్పు. లారీలు అవే, డ్రైవర్లు వాళ్లే, చేరే సరుకు మాత్రం సగం. "చూడమ్మా, అందరూ నిండు బండినే చూస్తారు. ఖాళీ బండి వెనక్కి వస్తేనే కదా రెండో లోడు" అన్నారు నాన్న. మన దేశ సైన్యంలో కూడా ఉన్న టి-72 ట్యాంకు లోపల సుమారు 1,200 లీటర్ల డీజిల్ పడుతుంది. దానితో మంచి రోడ్డు మీద అది వెళ్లేది 500 కిలోమీటర్ల లోపే. బురదలో ఇంకా తక్కువ. ఇలాంటివి వందలు కదిలితే వెనకాల ఎన్ని ట్యాంకర్లు కదలాలో మీరే ఊహించండి.

రష్యా సైన్యం రైళ్ల మీద బాగా ఆధారపడుతుంది. పట్టాలు వేయడానికి, బాగుచేయడానికి వాళ్లకు ప్రత్యేకంగా రైల్వే దళాలే ఉన్నాయి. రెండు దేశాల్లోనూ గేజ్ ఒకటే, 1,520 మిల్లీమీటర్లు. జంక్షన్ చేతికొస్తే రష్యా రైళ్లు నేరుగా లోపలికి వచ్చేయగలవు. కాని ఉత్తరాన చెర్నిహివ్, సూమీ, ఖార్కివ్ లొంగలేదు. కీవ్ వైపు వెళ్లిన సైన్యం లారీల మీదే బతకాల్సి వచ్చి, ఏప్రిల్ మొదటి వారానికల్లా వెనుదిరిగింది. అదే సంవత్సరం వేసవిలో ఉక్రెయిన్ ఖేర్సన్ దగ్గర ద్నీప్రో నది మీది వంతెనలను దెబ్బతీసింది. అక్టోబర్ 8న క్రిమియాకు వెళ్లే కెర్చ్ వంతెన మీద పేలుడు జరిగి, చమురు వ్యాగన్లు తగలబడ్డాయి. నదికి పడమటి ఒడ్డున ఉన్న తన సైన్యానికి సరుకు అందించడం కష్టమై, నవంబర్ 11 నాటికి రష్యా ఆ ఒడ్డును ఖాళీ చేసింది.

ఇక ఉక్రెయిన్ రైల్వే సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా పెద్దమ్మగారిది శ్రీకాకుళం జిల్లా. వాళ్లబ్బాయి అప్పుడు ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. బాంబులు పడుతుంటే ఐదు రోజులు హాస్టల్ కింది సెల్లార్‌లో ఉండి, ఆరో రోజు నడుచుకుంటూ స్టేషన్‌కి వెళ్లాడు. ముందు పిల్లలను, ఆడవాళ్లను ఎక్కించారు. మూడో రైల్లో అన్నయ్యకు నిలబడే చోటు దొరికింది. పైనుంచి కనబడకుండా బోగీలో దీపాలన్నీ ఆర్పేశారు. చీకట్లో, తెలియని దారుల్లో, ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణించి ల్వివ్ చేరాడు. అక్కడి నుంచి పోలండ్. పోలండ్ పట్టాల గేజ్ 1,435 మిల్లీమీటర్లు కాబట్టి రైళ్లు సరిహద్దు దగ్గర మారాల్సిందే. మన ప్రభుత్వం "ఆపరేషన్ గంగ" పేరుతో అలా 22,500 మందిని ఇంటికి చేర్చింది. వాళ్లలో ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులు చాలామంది. సూమీలో చిక్కుకున్న 694 మంది భారతీయ విద్యార్థులను మార్చి 8న బస్సుల్లో పోల్తావాకు, అక్కడి నుంచి రైల్లో ల్వివ్‌కు తీసుకెళ్లారు.

ఆ రైల్వే మొదటి నెలల్లోనే సుమారు 40 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు చేర్చింది. అవే పట్టాల మీద అటునుంచి ఆయుధాలు, మందులు, డీజిల్ వచ్చేవి. అందుకే అవి దాడులకు గురయ్యాయి. ఏప్రిల్ 8న క్రమటోర్స్క్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తున్న జనం మీద క్షిపణి పడి 50 మందికి పైగా చనిపోయారు. ఏప్రిల్ 25న ఒక్క గంటలో ఐదు స్టేషన్ల మీద దాడి జరిగింది. ఎక్కువగా కొట్టింది రైళ్లకు కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్లను. ఉక్రెయిన్‌లో దాదాపు సగం లైన్లు విద్యుత్ లైన్లే. కరెంటు పోయిన చోట పాత డీజిల్ ఇంజిన్లు తగిలించి బండ్లు నడిపారు.

అప్పుడు అర్థమైంది, రవాణాకు ప్రాణం ఇంధనమని. అక్టోబర్ 10 నుంచి రష్యా ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద వరుసగా దాడులు చేసింది. నవంబర్‌కల్లా వాళ్ల విద్యుత్ వ్యవస్థలో దాదాపు సగం దెబ్బతిన్నదని ఆ దేశ ప్రధాని చెప్పారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. రష్యా, బెలారుస్ గ్రిడ్ నుంచి విడిపోయి చూసే పరీక్షను ఉక్రెయిన్ మొదలుపెట్టింది సరిగ్గా ఫిబ్రవరి 24 తెల్లవారుజామునే. కొన్ని గంటలకే యుద్ధం వచ్చింది. వాళ్లు మళ్లీ పాత గ్రిడ్‌కి వెళ్లలేదు. మూడు వారాలు ఒంటరిగా నెట్టుకొచ్చి, మార్చి 16న యూరప్ గ్రిడ్‌తో కలిశారు. తర్వాత ఉక్రెయిన్ కూడా అదే దారి పట్టింది. డ్రోన్లతో రష్యా చమురు శుద్ధి కర్మాగారాలను కొట్టింది. అంత చమురున్న రష్యా 2024 మార్చి 1 నుంచి పెట్రోలు ఎగుమతి మీద ఆరు నెలల నిషేధం ప్రకటించాల్సి వచ్చింది.

ఈ ఒత్తిడి మన దాకా ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. యుద్ధం మొదలయ్యాక ప్రపంచంలో బొగ్గు, గ్యాస్, చమురు ధరలు ఎగిరిపోయాయి. ఆస్ట్రేలియా బొగ్గు టన్ను 400 డాలర్లు దాటింది. బయటి బొగ్గుతో నడిచే మన విద్యుత్ కేంద్రాలు ఉత్పత్తి తగ్గించాయి. అదే సమయంలో ఏప్రిల్ ఎండలు మండిపోయాయి. 2022 ఏప్రిల్ 29న దేశంలో విద్యుత్ డిమాండ్ 2,07,111 మెగావాట్లకు చేరింది. భారమంతా మన గనుల బొగ్గు మీద, దాన్ని మోసే రైళ్ల మీద పడింది. బొగ్గు రేకులకు దారి ఇవ్వడం కోసం దేశంలో వందల ప్యాసింజర్ ట్రిప్పులు రద్దయ్యాయి. ఒక రేక్ అంటే 58, 59 వ్యాగన్లు, దగ్గర దగ్గర 4 వేల టన్నులు. ఆ నెలలో నాన్న ఎప్పుడు డ్యూటీ ఎక్కారో, ఎప్పుడు దిగారో మాకు గుర్తులేదు. అమ్మ మాత్రం టిఫిన్ డబ్బా ఎప్పుడూ కడిగి సిద్ధంగా ఉంచేది.

మన ఊరి కర్మాగారం మీద కూడా ఆ నీడ పడింది. రష్యాతో వ్యాపారం ఆపేస్తామని, తమ కర్మాగారాలకు ముడిసరుకు వేరే చోట్ల నుంచి తెచ్చుకుంటామని ఏప్రిల్ 20న టాటా స్టీల్ ప్రకటించింది. చమురు సంగతి దీనికి వ్యతిరేకం. యుద్ధానికి ముందు మన దేశం రష్యా నుంచి కొనే ముడిచమురు నూటికి రెండు వంతులైనా లేదు. తక్కువ ధరకు దొరకడంతో 2023 నాటికి అది మూడో వంతు దాటింది. దీని గురించి మా క్లాసులో ఒకసారి వాదన జరిగింది. యుద్ధం చేసేవాడి దగ్గర కొనకూడదని కొందరు, ధర పెరిగితే మన ఆటోవాళ్లు, రైతులు ఏమవుతారని కొందరు. రెండు వైపులా న్యాయం ఉందనిపించి, నేను ఏ వైపూ చెయ్యి ఎత్తలేదు.

కాని ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. పట్టాలకు మంచీ చెడూ తెలియదు. వాటి మీద తుపాకీ వెళ్తుంది, బొగ్గు వెళ్తుంది, ప్రాణాలు అరచేత పట్టుకున్న పిల్లలూ వెళ్తారు. ముందు ఏది వెళ్లాలో నిర్ణయించేది మనుషులు. దాన్ని చేర్చేది కూడా మనుషులే. అన్నయ్యను ల్వివ్ చేర్చిన రైలు, పిల్లలను దింపగానే మళ్లీ ఖార్కివ్‌కే వెళ్లిందట, ఇంకొందరిని తేవడానికి. ఆ డ్రైవరు పేరేమిటని నేను అన్నయ్యను అడిగాను. తెలియదన్నాడు. చీకట్లో ముఖం కూడా చూడలేదట. ఈ యుద్ధంలో అలాంటి రైల్వే ఉద్యోగులు వందల మంది చనిపోయారు.

మన బడిలో ఎవరి నాన్న రైల్వే, ఎవరి అమ్మ టెలిఫోన్స్, ఎవరి నాన్న సైన్యంలో సరఫరా విభాగం. వేళకాని వేళల్లో ఇంటికి వస్తారు, స్కూలు ఫంక్షన్‌లకు రాలేరు, రెండు మూడేళ్లకోసారి సామాను కట్టమంటారు. మనకు కోపం వస్తుంది, అది సహజమే. ఆ కోపం కాస్త తగ్గాక, ఈ రోజు ఏం మోసుకెళ్లారు, ఎక్కడికి చేర్చారు అని ఒకసారి అడిగి చూడండి. మా నాన్న అయితే అరగంట దాకా ఆపకుండా చెబుతారు.