అన్న బండి – అద్దె జనరేటరు

నిరుడు కాఫీ డబ్బులొచ్చాక మా అన్నతో "కరెంటు బండి కొను, పెట్రోలు ఖర్చుండదు" అన్నది నేనే. పాడేరు ఘాటీ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు. మాడుగుల దిగడం హాయే. తిరిగి ఎక్కేటప్పుడే సగం దారిలో బ్యాటరీ అయిపోయి తోసుకురావలసి వచ్చేది.

సంక్రాంతి సెలవులకి వెళ్ళేసరికి అన్న టెంటుహౌసు నుంచి చిన్న పెట్రోలు జనరేటరు అద్దెకి తెచ్చాడు. వెనక సీటుకి కట్టి, నడుపుతూనే ఛార్జింగు పెడతాడట! అదే 20 కిలోల బరువుంది. నోటుపుస్తకం తీసి లెక్క వేశాను. ఘాటీ ఎక్కేటప్పుడు మోటారు 2000 వాట్ల దాకా లాగుతుంది. ఛార్జరు ఇచ్చేది 500 వాట్లే. చిల్లుకుండలో చెంబుతో నీళ్ళు పోసినట్టే కదా.

"నువ్వు చెప్తేనే కదరా కొన్నాను" అన్నాడు అన్న. నాకు నోట మాట రాలేదు.

అద్దె ఎలాగూ కట్టాం కదా అని జనరేటరుని ఆరుబయట పెట్టి ఆడించాం (ఆ పొగ విషం, గదిలో పెట్టకూడదు). రెండున్నర గంటల్లో లీటరు పెట్రోలు ఐపోయింది. బ్యాటరీకి చేరింది యూనిట్టు పైచిలుకు. దాంతో చదును రోడ్డు మీదైనా 35 కిలోమీటర్లే. అదే లీటరుకి మా మామ పెట్రోలు బండి 50 పోతుంది.

ఇప్పుడు అన్న మాడుగులలో తెలిసిన కొట్టు దగ్గర రెండు గంటలు ఛార్జింగు పెట్టుకుని ఘాటీ ఎక్కుతున్నాడు. కొట్టాయన డబ్బులు వద్దన్నాడు. వారం వారం ఓ సొరకాయ ఇచ్చి వస్తున్నాడు.