అరకు రైల్లో వదినా, ఆమె నోటుబుక్కూ

అరకు మీలో చాలామంది చూసే వుంటారు. చూడనివాళ్ళు డిసెంబరులో వెళ్ళండి. వలిసె పూలు విరగబూసి కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. బస్సులో కంటే విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైల్లో వెళితేనే సరదా. బైలదిల్లా గనుల నుంచి ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేరవెయ్యటానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను ఇది. మనలాంటివాళ్ళు కిటికీ పక్కన కూచుని పులిహోర తింటూ వెళ్ళటానికి వేసింది కాదు గాని, ఆ పనికి ఇంతకంటే మంచి లైను లేదు. 2017లో దీనికి అద్దాల పెట్టె కూడా తగిలించారు. నా మట్టుకు నాకు మామూలు పెట్టె కిటికీయే ఇష్టం. మొహానికి గాలి తగలాలి కదా!

ఈసారి నేను వెళ్ళింది మా వదినతో. అంటే మా వారి అక్కగారు. మూడేళ్ళ క్రితం ఆవిడకి రొమ్ము కాన్సరుకి ఆపరేషనయింది, రేడియేషన్ ఇచ్చారు. కీమో అవసరం లేదన్నారు. ఇప్పుడు మిగిలింది రోజుకో చిన్న మాత్ర, టామోక్సిఫెన్. అయిదేళ్ళు వేసుకోవాలి.

మా ఇంట్లో వదినంటే నడిచే పంచాంగం. ఎవరి పుట్టినరోజు ఏ తిథి, ఎన్ని కాయలకి ఎంత కారం, ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర పెట్టారు, అన్నీ నోటికే. అలాంటి మనిషి ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడిపోతుంది. చారులో ఉప్పు వేశానో లేదో తెలియక రుచి చూస్తుంది, చూసిన సంగతి మరిచి మళ్ళీ చూస్తుంది. జల్లెడ అనబోయి, "అదే... పిండి పట్టేది... అదీ" అంటుంది. చీర కొంగుకి తాళాలు దోపుకున్నట్టు ఇప్పుడు ఒక బుల్లి నోటుబుక్కు ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటోంది.

శృంగవరపుకోట, బొడ్డవర దాటాక రైలు కొండెక్కటం మొదలుపెడుతుంది. ఈ లైన్లో మొత్తం 58 సొరంగాలున్నాయి. చీకటి పడగానే పిల్లలు ఈలలు, కేకలు. మా ఎదుటి సీట్లో పిల్లలు లెక్క పెడుతుంటే వదిన కూడా వాళ్ళతో కలిసింది. కాసేపటికి ఆగిపోయి, "పదకొండా, పన్నెండా?" అంది. "పదమూడు మామ్మగారూ!" అన్నాడు బుడ్డోడు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వి కిటికీ వైపు తిరిగింది. టైడా స్టేషను దాటాక మెల్లిగా అంది: "అమ్మాయ్, ఈ మాత్ర మానేద్దామనుకుంటున్నానే. మీ అన్నయ్యగారికి చెప్పకు. కాన్సరు పోయినా మతి పోయాక ఏం లాభం?"

"వదినా, మీరు మానెయ్యకండి. ముందు డాక్టరునడుగుదాం" అన్నాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈ మాత్ర వేసుకునే వాళ్ళుంటే ఆ కథ కాస్త తెలుసుకోవాలి.

టామోక్సిఫెన్‌ని మొదట 1962లో ఇంగ్లండులో తయారుచేసింది కాన్సరు కోసం కాదు, గర్భం రాకుండా ఆపటానికి! ఆ పనికి అది కొరగాలేదు. బ్రిటన్లో 1973లో రొమ్ము కాన్సరుకి వాడకానికి వచ్చింది. కొన్ని రొమ్ము కాన్సర్లకి మన ఒంట్లోని ఈస్ట్రోజన్ ఆహారం. బస్సు సీట్లో ముందే తువ్వాలు వేసి చోటు పట్టుకున్నట్టు, ఈ మందు ఆ కణాల మీద ఈస్ట్రోజన్ కూచునే చోటుని ఆక్రమిస్తుంది. అయితే ఈస్ట్రోజన్‌కి పని ఒక్క రొమ్ములోనే కాదు. మెదడులో కొత్త సంగతులు జ్ఞాపకం పెట్టే హిప్పోకాంపస్ అనే భాగంలో కూడా వుంది. అందుకే మతిమరుపుకీ ఈ మందుకీ సంబంధం వుందా అని చూస్తూ వచ్చారు. నెదర్లాండ్స్ వాళ్ళు 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాది టామోక్సిఫెన్ వాడిన స్త్రీలు విన్న మాటలు గుర్తుంచుకోవటంలోనూ, పనులు వరసన పెట్టుకుని చెయ్యటంలోనూ ఆరోగ్యవంతుల కంటే వెనకబడ్డారు. ఎక్సెమెస్టేన్ అనే మరో హార్మోను మందు వాడినవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పటం లేదు, అందరికీ ఇలా అవదు కూడా. కాని "అంతా మీ భ్రమ" అని కొట్టిపారెయ్యటం మాత్రం అన్యాయం. వదినని మా ఇంట్లో అలాగే అన్నారు, వయసన్నారు, దిగులన్నారు.

ఇక మానెయ్యటం సంగతి. ఈస్ట్రోజన్‌తో పెరిగే కాన్సరుకి అయిదేళ్ళు ఈ మాత్ర వాడితే, ఆ అయిదేళ్ళలో తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుంది. పదిహేనేళ్ళ లెక్క చూస్తే కాన్సరు మరణాలు మూడో వంతు తగ్గాయి. ఇంత లాభాన్ని చెప్పాపెట్టకుండా వదులుకోవటం మంచిది కాదు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. ఆవు ఒకటి గుహ పైకప్పులోని కంతలోంచి పడిపోతే, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనిపించిందని కథ. గోస్తనీ నది పేరు కూడా ఆ ఆవు వల్లే వచ్చిందంటారు. పైనుంచి సున్నపు నీళ్ళు చుక్కచుక్కగా రాలి లక్షల ఏళ్ళకి స్తంభాలయ్యాయి. గైడు చెప్పే మాటలు వదిన నోటుబుక్కులో రాసుకుంది. మెట్లు తడిగా వుంటాయి, చెప్పులు జారనివి వేసుకోండి.

అరకులో రాత్రి చలి సంగతి చెప్పాలి. నేను రెండు రగ్గులు కప్పుకుంటే, వదిన అర్ధరాత్రి శాలువా విసిరేసి కిటికీ తీసింది! వేడి ఆవిర్లు. ఇవీ ఈ మందు తెచ్చేవే. రాత్రికి మూడుసార్లు లేస్తుందట. అలా నిద్ర చెడితే ఎవరికైనా మతిమరుపు వస్తుంది కదూ. నేను కళ్ళారా చూశాను కాబట్టి ఇది నోటుబుక్కులో మొదటి పేజీన రాయించాను.

ఇలాంటి మనిషితో ప్రయాణం చేసేవాళ్ళకి కొన్ని మాటలు. వారం రోజుల గళ్ళున్న మాత్రల పెట్టె కొనండి. గడి ఖాళీగా వుంటే వేసుకున్నట్టే, మళ్ళీ వేసుకుంటారన్న భయం లేదు. టామోక్సిఫెన్ వల్ల కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. అందుకని రైల్లో గంటకోసారి లేపి నడిపించండి, నీళ్ళు తాగించండి. ఒక పిక్క వాచి నొప్పి చేసినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. మాట తట్టక వెతుక్కుంటుంటే వెంటనే అందించెయ్యకండి. రెండు క్షణాలాగితే చాలాసార్లు ఆవిడకే వస్తుంది.

సంతలో కొండ చీపుళ్ళు, అడ్డాకులు, చింతపండు కొన్నాం. బొంగులో చికెన్ పొగ వాసన దూరానికే తెలుస్తుంది. వదిన చోడి అంబలి తాగి, వాళ్ళమ్మ ఎలా పులియబెట్టేదో కుండతో సహా వర్ణించి చెప్పింది. నలభై ఏళ్ళ నాటి సంగతి, ఒక్క మాట తడబడలేదు. నిన్నటి హోటలు పేరు మాత్రం అడిగితే నోటుబుక్కు తీసింది.

వచ్చిన వారానికే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అన్నయ్యగారికి వదినే చెప్పింది. డాక్టరు నవ్వలేదు, నోటుబుక్కు తీసుకుని అంతా చదివాడు. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించాడు. బి12 తక్కువగా వుంటే ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఆవిర్లకీ, నిద్రకీ మందు రాస్తూ, ఫ్లూఆక్సెటిన్, పెరాక్సెటిన్ లాంటివి టామోక్సిఫెన్ పనిని తగ్గించగలవు కాబట్టి ఎవరిచ్చినా తనకి చెప్పకుండా వాడొద్దన్నాడు. ముట్లు పూర్తిగా ఆగినవాళ్ళకి లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటి వేరే మందులున్నాయట. వాటికి కీళ్ళనొప్పులు, ఎముకలు పలచబడటం అనే బాధ వేరే వుంది. రెండు నెలలు చూసి అప్పుడు ఆలోచిద్దామన్నాడు.

మాత్ర ఆగలేదు. రాత్రిళ్ళు ఒకసారే లేస్తోంది. జల్లెడ అన్న మాట ఇప్పటికీ ఒక్కోసారి రాదు. "అదే, అదీ" అంటుంది. మేం రెండు క్షణాలు ఆగుతున్నాం.