ధనుర్మాసంలో ముక్కు దిబ్బడ కబుర్లు

ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో తెల్లవారుజామున పొంగలి వాసనతో పాటు నీలగిరి తైలం వాసన కూడా వస్తుంది. ఎదురింటి స్వామి మొన్ననే శబరిమల నుంచి వచ్చారు. పంబ నుంచి సన్నిధానం దాకా ఐదు కిలోమీటర్ల ఎక్కుడు, అదీ ఉత్త కాళ్ళతో. పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయట. పక్కింటి పిన్నిగారికి ఇరవై ఒక్క చుక్కల ముగ్గుతో నడుం పట్టేసింది. పడిశం లేని ఇల్లయితే వీధి మొత్తంలో ఒక్కటీ లేదు.

హైదరాబాదులో ఈ రోజుల్లో ప్రతి ఇంటి అలమరాలోనూ జిందా తిలిస్మాత్ ఉండాల్సిందే. 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన మందు. అందులో ముఖ్యమైనది యూకలిప్టస్ నూనె. ఆస్ట్రేలియా నుంచి నీలగిరులకు వచ్చిన చెట్టు కాబట్టి మనకది నీలగిరి తైలం అయింది. మన పొలాల్లో జామాయిల్ తోటలుగా పెంచేది ఆ కుటుంబమే గానీ, అది ఎక్కువగా కాగితం మిల్లులకు పోతుంది. ఇక అమృతాంజనం సంగతి చెప్పనక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతో ఆంధ్రపత్రికను నిలబెట్టిన మనిషి ఆయన. ఆ పసుపుపచ్చ సీసా చూస్తే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది.

నాకు మాత్రం మా అమ్మమ్మ చేసే మందంటేనే ఇష్టం. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం సమంగా సీసాలో వేసి మూత బిగించి ఊపేది. మూడూ గట్టి పలుకులే. చుక్క నీళ్ళు పోయకుండానే కాసేపటికి నూనెలా కరిగిపోయేవి! మూడూ కలిస్తే కరిగే వేడి బాగా తగ్గిపోతుంది, మామూలు గది వేడికే ద్రవమవుతాయి. రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి వీపుకి రాస్తే ఒళ్ళు తేలికపడేది. పుదీనా పువ్వు నిజానికి ముక్కును తెరవదు, చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి గాలి ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది. ఆ మాత్రం హాయికే రాత్రి నిద్ర పడుతుంది, అది తక్కువేమీ కాదు.

ఒళ్ళునొప్పులకు ఊటీ నుంచి తెచ్చుకునే వింటర్‌గ్రీన్ నూనె దగ్గర మాత్రం జాగ్రత్త. అది దాదాపు ఆస్పిరిన్ జాతిదే. టీ చెంచాడు కడుపులోకి పోతే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా రాసుకోకూడదు.

నిన్న పిన్నిగారు ఎనిమిది నెలల మనవడి ముక్కు కింద కర్పూరం నూనె రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. చంటిపిల్లలకు కర్పూరం వల్ల ఫిట్స్ రావచ్చు, ఊపిరీ ఇబ్బంది పడొచ్చు. "మా పిల్లలందరికీ రాశానే!" అని పిన్నిగారు కాస్త నొచ్చుకున్నారు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఉప్పునీటి చుక్కలు చాలన్నారు. రెండు చుక్కలు వేశాక బాబు పాలు తాగి పడుకున్నాడు. పిన్నిగారు నూనె సీసా తీసుకెళ్ళి దేవుడి అలమరా పైఅరలో పెట్టేశారు.